గట్టిదే వెయ్యమన్నారు

ఫ్యాను వేగం అందుకుంది. ముందు కాళ్ళకింద నేల సన్నగా వణికింది, తర్వాత బల్లమీది కాగితం కప్పులో టీ వణికింది, ఆ తర్వాత అద్దానికి అవతల నుంచున్న మగాళ్ళు అదేదో తామే నోటితో ఊది తిప్పినట్టు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఇంక గంటసేపు ఈ నవ్వులు చూస్తూ కూర్చోవాలి, అనుకుంది ఆమె, అద్దాల గదిలో ప్లాస్టిక్ కుర్చీని గోడవైపు జరుపుకుంటూ. గంటసేపు పూర్తి వేగంతో తిరిగి బేరింగులు వేడెక్కకపోతే పరీక్ష పాసైనట్టు. పాసైతే ఊడదీసి లారీ ఎక్కించడమే. గదంత ఎత్తున్న ఆ ఫ్యాను ఒక గని అడుగున పనిచేసేవాళ్ళకి పైనుంచి గాలి తొయ్యడానికి తయారైంది. దాని షాఫ్టు, ఆమె నడుమంత లావు ఉక్కు కడ్డీ, రెండు చివరలా రెండు బేరింగుల్లో తిరుగుతోంది. బేరింగంటే బ్రహ్మవిద్యేం కాదు, తిరిగే కడ్డీని మోసే లోహపు తొడుగు. తొడుగుకీ కడ్డీకీ మధ్య వెంట్రుకంత నూనె పొర. ఆ తొడుగు ఏ లోహంతో పొయ్యాలన్నదే గొడవంతా. వైట్ మెటల్ పోద్దామంది ఆమె, అంటే తగరంలో కాస్త యాంటిమొనీ, కాస్త రాగి కలిపిన తెల్లటి మెత్తటి లోహం. వాళ్ళు కంచు వేశారు. వేసి, నవ్వుతున్నారు. చెవులకి పసుపుపచ్చ డిప్పలు తగిలించుకుని నవ్వుతున్నారు, ఎవడి నవ్వు ఎవడికీ వినపడదు కాబట్టి ఇంకాస్త నోరు తెరిచి మరీ నవ్వుతున్నారు.

వాళ్ళలో ఆ సూటువాణ్ణి చూడాలి. సలహాదారుడట. ఆమె వాడికి స్లైడుల స్వామి అని పేరు పెట్టుకుంది, ఎందుకంటే తెరమీద బొమ్మ పడితే గాని వాడికి మాట పెగలదు, కరెంటు పోతే జ్ఞానమూ పోతుంది. ఈ ఉక్కలో, ఈ నూనె కంపులో, కోటు బొత్తాం ఊడదియ్యకుండా నుంచున్నాడు, ఉంగరం వేలితో బేరింగు పెట్టెమీద తట్టి చూస్తున్నాడు, పుచ్చకాయ కొంటున్నాననుకుంటున్నాడు కాబోలు. ఆ రోజు మీటింగులో వీడే కదా, నీలం గీతా ఎర్ర గీతా గీసిన బొమ్మ వేసి, ఎర్ర గీత కంచు, నీలం గీత వైట్ మెటల్, చూడండి సార్, కంచు ఎంత బరువు మోస్తుందో, మెత్తది ఎక్కడ చతికిలబడుతుందో అని, సిగ్గు లేకుండా, ఒక లేజరు చుక్కని ఎర్ర గీతమీద అటూ ఇటూ పరుగెత్తించాడు. బరువు సంగతి ఇక్కడ ఎవరడిగారు? ఇది బండలు పిండిచేసే మిషనా? ఫ్యానుకి బరువెంత, దాని మొహం. దానిది వేగం, దానికి పట్టేది దుమ్ము. షాఫ్టేమో మామూలు ఉక్కు, గట్టిపరిచింది కాదు. కంచు పక్కన ఆ షాఫ్టు పెట్టి, మధ్యలో గని దుమ్ము పడితే ఏమవుతుంది? దుమ్ము ఎక్కడికి పోతుంది? కంచులో దిగబడదు, అది పళ్ళు బిగించి కూర్చుంటుంది, ఇంక ఆ రేణువులన్నీ షాఫ్టునే గీరుతాయి. మెత్తటి లోహమైతే రేణువుని తనలో కూరుకోనిస్తుంది, నూనె పొర దాని పైనుంచి సాగిపోతుంది, మరీ ముంచుకొస్తే తొడుగు కరిగి పోతుంది గాని షాఫ్టు మిగులుతుంది. తొడుగు మళ్ళీ పోసుకోవచ్చు, షాఫ్టు మళ్ళీ ఎక్కడ తెస్తావు? ఇదంతా చెప్పింది ఆమె, గోడకి చెప్పినట్టు. స్వామి ఓపిగ్గా విన్నాడు, చిన్నపిల్ల పద్యం అప్పజెపుతుంటే వినే చుట్టంలా, తల ఓ పక్కకి వాల్చి. విని, "మీ అభిప్రాయాన్ని నేను గౌరవిస్తాను మేడమ్" అన్నాడు. ఇంక అంతకంటే పెద్ద తిట్టు మనిషికి ఉంటుందా?

బావగారికి ఆ మాత్రం కూడా అక్కర్లేదు. ఫ్యాక్టరీ ఆయనది, గొంతు ఆయనది. బల్లమీద అరచెయ్యి కొట్టి, "గట్టిది వెయ్యండయ్యా అంటే మెత్తది వెయ్యమంటుందేంటి మా మరదలు? ఇల్లు కట్టుకునేవాడు పిడక పేరుస్తాడా, ఇటుక పేరుస్తాడా?" అన్నాడు, అందరూ నవ్వారు. నవ్వకేం చేస్తారు, జీతాలిచ్చే నోటి నుంచి వచ్చిన హాస్యం. గట్టి, మెత్త. లోకంలో ఆయనకి తెలిసినవి ఆ రెండే గుణాలు, అవీ ఆయన తన పక్కమీద తెలుసుకున్నవే అయ్యుంటాయి. కుర్చీ గట్టిదుండాలి, పరుపు మెత్తదుండాలి, బేరింగు గట్టిదుండాలి, తమ్ముడు మెత్తవాడుండాలి. తోడికోడలు ఇంకో రకం. ఒకసారి వంటింట్లో, ఏదో మాట కలపాలి కాబట్టి, "ఎందుకమ్మా ఆ మెత్తదానికోసం అంత పోట్లాట?" అనడిగితే ఆమె ఓపిక తెచ్చుకుని దుమ్ము సంగతీ కడ్డీ సంగతీ చెప్పింది, చెప్పిందంతా వినీ ఆవిడ చేతిలో గరిటె ఆపి, నిట్టూర్చి, "అంటే దుమ్మంతా తను మింగి మొగుణ్ణి కాపాడుతుందన్నమాట, అచ్చం మనలాగే" అంది, కళ్ళల్లో నీళ్ళు కూడా తిప్పుకుంది. ఆ క్షణంలో గరిటె లాక్కుని ఎక్కడైనా ఒకటి వెయ్యాలనిపించింది. లోహం లోహమే. దానికి కడుపులేదు, కన్నీళ్ళు లేవు, త్యాగం లేదు. తగరానికి తగరం బుద్ధి ఉంటుంది, అంతే. వేడి ఎంతకి కరుగుతుందో, బరువు ఎంతకి జారుతుందో అడిగితే ఎప్పుడడిగినా ఒకే జవాబు చెబుతుంది, ఎవరు అడిగారని చూసి మాట మార్చదు. అందుకే కదా దాన్ని ప్రేమించగలిగింది, మనుషుల్ని ప్రేమించలేక. "నీ కంటికి ఒక్క మనిషీ ఆనడు కదే" అనేది అమ్మ, పెళ్ళికి ముందు. ఎలా ఆనుతారమ్మా, ఆనేంత ఎత్తు ఎవరికి ఉందని?

ఒక్కడు ఆనాడనుకుంది. అదే నవ్వొచ్చే సంగతి. అదిగో, అందరికీ వెనగ్గా, చేతులు జేబుల్లో పెట్టుకుని, ఫ్యాను గాలికి చొక్కా వీపుకి అంటుకుపోయి నుంచున్నాడే, ఆయనే, తన మొగుడు. ఫ్యాను గీసింది ఆయన, షాఫ్టు లావు లెక్కకట్టింది ఆయన, ఏ బల్ల దగ్గర కూర్చున్నా ఆ బల్లలో ఒక చెక్కలా కలిసిపోయేదీ ఆయనే. మీటింగులో తను గొంతెండేలా మాట్లాడుతుంటే ఆయన పెన్సిలు మొన చూసుకుంటున్నాడు. పెన్సిలు మొన! అందులో ఏం రాసిపెట్టి ఉందో మరి. అంతకు ముందు రాత్రే భోజనాల దగ్గర "నువ్వు చెప్పిందే సరైంది, వైట్ మెటలే వెయ్యాలి" అన్న మనిషి. బావగారు చివర్లో "ఏమంటావురా?" అంటే "చూద్దాం అన్నయ్యా" అన్నాడు. చూద్దాం. ఈయన జీవితమంతా కలిపి ఒక్క మాటలో చెప్పమంటే అదే చెప్పచ్చు, ఇంటి గుమ్మంమీద చెక్కించుకోవచ్చు. పిల్లని ఏ కాలేజీలో వేద్దాం? చూద్దాం. వేరింటికి పోదామా? చూద్దాం. కాలేజీలో వాళ్ళిద్దరూ ఒకే మైక్రోస్కోపు దగ్గర పనిచేశారు. లోహపు ముక్కని గరుకు కాగితంమీద, తర్వాత నున్నటి కాగితంమీద, తర్వాత తడిగుడ్డమీద గంటల తరబడి రుద్ది అద్దంలా చెయ్యాలి, మిగతావాళ్ళంతా సగంలో విసుగెత్తి గీతలతోనే పెట్టేసేవాళ్ళు, ఈయన ఒక్కడే చివరిదాకా, నోట మాట లేకుండా, ముక్క తిప్పుతూ రుద్దుతూ ఉండేవాడు. ఒక సాయంత్రం ఆయన రుద్దిన వైట్ మెటల్ ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, నల్లటి నేలమీద తెల్లటి గళ్ళు, పటిక బెల్లం పలుకుల్లా అంచులు తేలి, ఎంత శుభ్రంగా ఉన్నాయో, ఆమె తల ఎత్తలేకపోయింది. మెత్తటి నేలలో గట్టి పలుకులు. పలుకులు బరువు మోస్తాయి, నేల ఒదుగుతుంది. ఎవరు ఆలోచించారురా బాబూ ఇంత తెలివిగా అనుకుంది. తల ఎత్తితే ఈయన ఉన్నాడు, మాట్లాడకుండా. ఆ మౌనాన్ని లోతనుకుంది. పిచ్చిది. నీళ్ళు కనపడకపోతే బావి లోతుగా ఉందనుకునే రకం. తీరా కాపురానికొచ్చి చేద వేసి చూస్తే అడుగు తగిలిన చప్పుడు, చేదలో ఇంత బురద.

వేడి చూపించే మీటరులో ఎర్ర అంకెలు కదులుతున్నాయి. ఎడమ బేరింగు వేడి ఎక్కుతోంది, ఒక్కో అంకే మెట్టెక్కినట్టు ఎక్కుతోంది. ఆమె కుర్చీలో ముందుకి జరిగింది. రా, ఎక్కు, ఇంకొంచెం ఎక్కు. స్వామి అంకెల వైపు చూసి కోటు బొత్తాం సవరించుకున్నాడు. బావగారు నవ్వడం ఆపి మెడ చాచాడు. కొనేవాళ్ళ తరఫున వచ్చిన ఇన్‌స్పెక్టరు ఒక్కడే మొహంలో ఏ భావమూ లేకుండా, నిద్రలో నుంచున్న గుర్రంలా, అంకెలు చూసి రాసుకుంటున్నాడు. ఆయన బూట్లకున్న మెరుపు ఆయన కళ్ళకుంటే బాగుండేది. ఎక్కు. ఆమె లోపల ఏదో తియ్యగా పాకింది, చిన్నప్పుడు క్లాసులో టీచరు లెక్క తప్పు చేస్తుంటే చివరిదాకా చెప్పకుండా కూర్చున్నప్పటి తీపి. ఎప్పటికైనా ఇది చెడుతుంది, చెడిన నాడు వీళ్ళంతా తన దగ్గరికే రావాలి. ఆ రోజుకి ఒక వాక్యం కూడా తయారు చేసిపెట్టుకుంది, స్నానం చేస్తూ, బస్సులో, అన్నం కలుపుకుంటూ దానికి నగిషీలు చెక్కింది: "మీ అభిప్రాయాన్ని నేను అప్పుడూ గౌరవించలేదు బావగారూ, ఇప్పుడూ గౌరవించను." అప్పుడు గది ఎలా ఉంటుందో, ఎవరెక్కడ కూర్చుంటారో, తను ఏ చీరలో ఉంటుందో కూడా తెలుసు. ఆ గదిలో గని మాత్రం లేదు. గని ఎందుకు గుర్తుకొచ్చింది ఇప్పుడు? కొలతలకోసం ఒకసారి దిగారు, తనూ ఆయనా, ఇనప పంజరంలాంటి లిఫ్టులో, చెవులు దిబ్బడ వేసేంత కిందకి. తుమ్మితే రుమాలు నల్లబడింది. అక్కడ పనివాడు ఒకడు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో అరచెయ్యి పైకెత్తి, ఒక్క క్షణం అలా ఉంచి, మళ్ళీ దించి మాట సాగించాడు. కాసేపటికి ఇంకొకడు. ఏంటది అనడిగితే, "గాలమ్మా, వస్తుందో లేదో చూసుకుంటాం, అలవాటు" అన్నాడు. పైన ఫ్యాను ఆగితే ముందు చేతికే తెలుస్తుందట. సరే, ఆగితే ఇంకో ఫ్యాను ఉండదా? ఉంటుంది. వాళ్ళని పైకి తెచ్చుకోరా? తెచ్చుకుంటారు. అన్నీ తనే ఆలోచించాలా? చెప్పాల్సింది చెప్పింది, విననివాడి ఖర్మ. అయినా ఆ ఎత్తిన అరచెయ్యి వెంటనే పోలేదు, కంటిలో నలుసులా కాసేపుండి, అంకె ఇంకో మెట్టు ఎక్కగానే పోయింది.

ఎక్కి, ఆగింది. ఆమె చూస్తూనే ఉంది. అంకె అక్కడే నుంచుంది. తర్వాత, పొగరుబోతు, ఒక మెట్టు దిగింది కూడా. నూనె పొర కుదురుకుంది, కంచు హాయిగా పాడుకుంటోంది. కుదురుకోదా మరి, ఊడ్చి తుడిచిన షెడ్డులో, వడగట్టిన కొత్త నూనెలో, రసమట్టం పెట్టి నిలబెట్టిన మిషను! ఇక్కడ సబ్బుబిళ్ళతో బేరింగు చేసినా పాసవుతుంది. పెళ్ళిచూపుల్లో పిల్ల నెమ్మదైందని మెచ్చుకున్నట్టుంది వీళ్ళ పరీక్ష. బావగారు అద్దంలోంచి తనవైపు తిరిగి బొటనవేలు పైకెత్తాడు, చూశావా మరదలా అన్నట్టు, ఆ వేలు విరిస్తే ఎలా ఉంటుందో ఆమె ఊహించుకుంది. స్వామి ఇన్‌స్పెక్టరు చెవి డిప్ప పక్కకి లాగి అందులోకి ఏదో అరుస్తున్నాడు, బహుశా ఎర్ర గీత గురించి. వెళ్ళండి. పంపండి. మీ కంచూ మీరూ. నేను లేచి ఇంటికి పోతాను, రేపు సెలవు పెడతాను, ఎల్లుండి ఏ లోహమంటే ఆ లోహానికి తల ఆడిస్తాను, నాకూ ఒక పెన్సిలు కొనుక్కుంటాను. ఈయనేడి?

వెనకాల లేడు. లోహం అచ్చు పోసే షెడ్డులోకి తలుపుంది, ఆ తలుపులోంచి వస్తున్నాడు, చేతిలో కాగితం కప్పుతో. టీకి వెళ్ళాడన్నమాట. ప్రపంచం మునుగుతుంటే టీకి వెళ్ళే మనిషి. ఆయన నడిచి ఎడమ బేరింగు దగ్గరికి వచ్చాడు, లోపల నూనె తిరుగుతోందో లేదో చూసుకోవడానికి పైన చిన్న మూత ఉంటుంది, అది తిప్పి తీశాడు. వంగి చూశాడు. మంచిదే, చూసుకో, అదొక్కటి చాతనవును. ఆయన మూడు వేళ్ళు కప్పులో ముంచి, చిటికెడు ఏదో తీసి, ఆ కన్నంలో వదిలాడు. వేళ్ళు దులిపాడు. ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నుంచోవాలని కూడా తోచలేదు. ఇసక. అచ్చులకి వాడే సన్న ఇసక. చిటికెడు, అంతే, గుప్పెడు కాదు. గని దుమ్ము షాఫ్టు చుట్టూ బిగించిన సీళ్ళ సందుల్లోంచి కొన్నాళ్ళపాటు జొరబడితే లోపల చేరేంత. ఆ లెక్క ఆమె వేసుకున్న లెక్కే. ఎవరితోనూ అనలేదు, ఆయనతో కూడా అనలేదు.

శబ్దం మారింది. అద్దంలోంచి కూడా వినపడింది, ముందు గొంతు బొంగురుపోయినట్టు, తర్వాత పలకమీద మేకు గీసినట్టు, తర్వాత మనిషి కేకలా. ఎర్ర అంకెలు మెట్లెక్కడం మానేసి పరుగెత్తాయి. మూత కన్నంలోంచి నీలం పొగ లేచింది. బావగారు డిప్పలు పీకేసి చేతులూపుతున్నాడు. ఇసక వేసిన ఆయనే వెళ్ళి ఎర్ర బొత్తాం నొక్కాడు, నొక్కి, ఫ్యాను ఏడుస్తూ ఏడుస్తూ నెమ్మదించేదాకా దాని పక్కనే నుంచున్నాడు. ఆమె తలుపు తోసుకుని బయటికి వచ్చేసరికి పైతొడుగు బోల్టులు విప్పుతున్నాడు, చల్లారేదాకా ఆగకుండా.

"ఏం పోశావురా అందులో? ఏం పోశావు?" బావగారు అరుస్తున్నాడు.

"ఇసక, అన్నయ్యా."

"మతి పోయిందా నీకు? సొంత మిషన్లో ఇసక పోసుకునేవాడు ఉంటాడా ఎక్కడైనా?"

"మనం పొయ్యకపోతే గని పోస్తుంది." గొంతు పెంచలేదు. "ఇక్కడైతే పైన మనమే ఉన్నాం, కింద ఎవరూ లేరు."

"ఇది పరీక్ష కాదండీ, ఇది విధ్వంసం," అన్నాడు స్వామి, అందరికంటే దూరంగా జరిగి. "ఇలా చేస్తే ఏ లోహమైనా…"

"ఏ లోహమైనా కాదండీ. మెత్తదైతే ఇసక దాంట్లో దిగబడేది. షాఫ్టు బతికేది. మా ఆవిడ ఆ రోజు తెలుగులోనే చెప్పింది."

పైతొడుగు లేచింది. కంచు నున్నగా, ఏమీ ఎరగనట్టు, దాదాపు కొత్తదానిలాగే ఉంది. షాఫ్టు మాత్రం, ఆయన నెలల తరబడి గీసి, కొలిచి, తిప్పించిన షాఫ్టు, చుట్టూ దువ్వెన లాగినట్టు గీతలు పడి ఉంది. ఇన్‌స్పెక్టరు మొదటిసారి నోట్ బుక్ మూశాడు, వంగి, గోరుతో గీతకి అడ్డంగా గీశాడు. గోరు దిగింది.

ఏదో ఒకటి అనాలి, ఇదే కదా ఆ రోజు, ఆ గది కాకపోయినా, ఆ చీర కాకపోయినా. బావగారు ఎదురుగానే ఉన్నాడు, నోరు తెరుచుకుని, అందుబాటులో. వాక్యం నాలుక చివరే ఉంది. ఆమె దాన్ని ఒకసారి లోపల అనుకుని చూసింది, ఎవరో అద్దెకిచ్చిన నగలా చవగ్గా తగిలింది. ఆయన పానా కింద పెట్టి ఆమె పక్కకి వచ్చి నుంచున్నాడు. చొక్కా నిండా నూనె, కనుబొమ్మల్లో మసి. తిట్టాలి ఈయన్ని, ఏమని? పిరికివాడని? బల్లచెక్క అని? ఇన్నేళ్ళూ చేతికి అందేచోట పేర్చి పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ ఈ మనిషికి సరిపోలేదు, అన్నీ ఇంకెవరి కొలతలకో కుట్టినవి.

"నువ్వే లేచి అడ్డుపడతావనుకున్నాను," అన్నాడు, ఆమెకి మాత్రం వినపడేలా. "వేడి ఆగిపోయినప్పటినించీ అద్దం వైపే చూస్తున్నా. ఇదిగో లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని. నువ్వు లేవలేదు."

అందులో నిష్ఠూరం లేదు. వెతికింది, లేదు. నిష్ఠూరం ఉంటే ఎంత బాగుండేది, పట్టుకుని వేళ్ళాడడానికి. ఆమె ఆయన మొహం చూడలేక కిందకి చూసింది, చూస్తే ఆయన కుడిచేతి మణికట్టు దగ్గర మరిగిన నూనె చింది చర్మం అప్పుడే తెల్లగా ఉబ్బుతోంది.

"చెయ్యి చూపించు," అంది, పదిమందిలో మీరు అనే అలవాటు తప్పి.

"ఏం లేదు, కొంచెం."

"చూపించమన్నానా?"

మోచెయ్యి పట్టుకుని కుళాయి వైపు నడిపించింది. వెనక బావగారు స్వామితోనో దేవుడితోనో ఏదో అంటున్నాడు. పాలిష్ బూట్ల చప్పుడు వాళ్ళ వెనకే వచ్చి, రెండడుగుల దూరంలో ఆగింది.

"మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు, నోట్ బుక్‌లో కొత్త పేజీ తెరిచి, పెన్ను పట్టుకుని, "మరి ఏ లోహం వెయ్యమంటారు? ఏది ఎంత కలపాలి, మీరు చెప్పండి, రాసుకుంటాను."

ఆ మాట ఆమెని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆమె కుళాయి తిప్పింది. నీళ్ళు ముందు ఎండకి కాగి వెచ్చగా వచ్చాయి, ఆయన చేతిని పక్కకి లాగి, తన వేళ్ళు ధార కింద పెట్టి, చల్లబడేదాకా చూస్తూ నుంచుంది.

"ఉండండి," అంది, తల తిప్పకుండా. "ఈయన చెయ్యి కాలింది."